విడాకులయ్యాక బిడ్డ నాది కాదని తెలిస్తే భరణం ఆపేయవచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు అర్థమవుతుంది. రెండేళ్ల క్రితం మ్యూచువల్ కన్సెంట్ మీద విడాకులు తీసుకున్నారు. బాబుకి ఆరేళ్లు, తల్లి దగ్గరే ఉంటున్నాడు. డిక్రీ ప్రకారం బాబు ఖర్చులకు నెలకు 15,000 పంపుతున్నారు. ఈమధ్య అనుమానం వచ్చి, బాబు మీ దగ్గరికి వచ్చిన రోజు చెంప లోపలి నుంచి స్వాబ్ తీసి ప్రైవేట్ ల్యాబ్‌కి పంపారు. మీరు తండ్రి కాదని రిపోర్టు వచ్చింది. డబ్బు ఆపేయవచ్చా, ఇచ్చింది వెనక్కి వస్తుందా, కోర్టుకు వెళ్తే గెలుస్తానా అని అడిగారు. బాబు పుట్టకముందు మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారని చివర్లో ఒక ముక్క రాశారు. మీకు ప్రధానం రిపోర్టు. కోర్టులో మాత్రం మొత్తం కేసు ఆ చివరి ముక్క మీదే నడుస్తుంది.

ఫ్యామిలీ కోర్టుల్లో చాలా ఏళ్లుగా ఇరువైపులా వాదించిన అనుభవంతో చెప్తున్నాను. కొంత చేదుగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఈ నెల డబ్బు సంగతి. వేయండి. డిక్రీ రద్దయ్యేదాకా, లేదా దాన్ని మారుస్తూ మరో ఆర్డర్ వచ్చేదాకా ఒక్క నెల కూడా ఆపకండి. చేతిలో రిపోర్టు ఉంది కదా అని ఆపేస్తే ఆ రిపోర్టు మిమ్మల్ని కాపాడదు. అవతలివాళ్లు ఈపీ (డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) వేస్తారు, జీతం అటాచ్‌మెంట్ అడుగుతారు. మామూలు అప్పు డిక్రీలో జీతంలో సుమారు మూడో వంతే జప్తుకు దొరుకుతుంది. భరణం డిక్రీ అయితే మూడింట రెండు వంతుల దాకా పోవచ్చు. అదే క్రిమినల్ ప్రొసీజర్ కింద వచ్చిన మెయింటెనెన్స్ ఆర్డర్ అయితే (పాతది సెక్షన్ 125, 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144), బకాయి పడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బకాయి తీరదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రేపు మీరు పిటిషన్ వేసినప్పుడు జడ్జి మొదట అడిగేది "బకాయిలు ఉన్నాయా?" అనే. బకాయిదారుడు వచ్చి బిడ్డ నాది కాదంటే, డబ్బు ఎగ్గొట్టడానికి వచ్చాడనే చూస్తారు. బ్యాంకు ద్వారానే వేయండి. కావాలంటే పిటిషన్‌లో "హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నాను" అని రాయించండి.

ఇప్పుడు అసలు చట్టం. వివాహం చెల్లుబాటులో ఉండగా పుట్టిన బిడ్డ, లేదా వివాహం రద్దయ్యాక 280 రోజుల లోపు తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండగా పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డేనని చట్టం తేల్చేసింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 112. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 116. నంబరు మారింది, సారం మారలేదు. చట్టం ముందే చేసుకున్న ఈ ఊహను (ప్రిజంప్షన్) పడగొట్టడానికి చట్టం ఒకే ఒక తలుపు తెరిచి ఉంచింది: గర్భం నిలిచే అవకాశమున్న ఆ రోజుల్లో భార్యాభర్తలకు ఒకరినొకరు కలిసే వీలే లేదని చూపించడం. దీన్నే కోర్టు భాషలో నాన్ యాక్సెస్ అంటారు. అది నిజంగా కలిశారా లేదా అన్న ప్రశ్న కాదు. కలవడానికి అవకాశం ఉందా అన్నదే ప్రశ్న. "ఒకే ఇంట్లో ఉన్నాం కానీ మాటల్లేవు, వేరే గదుల్లో పడుకునేవాళ్లం" అంటే చాలదు.

దీన్ని లెక్కతో చూపిస్తాను. బాబు 2019 మార్చి 10న నెలలు నిండి పుట్టాడనుకోండి. గర్భం నిలిచింది సుమారు 2018 జూన్ మధ్యలో. కొంచెం ముందూ వెనకా వేసుకుంటే మే చివరి నుంచి జూలై మొదటి వారం దాకా మీరు ఎక్కడున్నారన్నదే కేసు. ఏప్రిల్‌లో దేశం విడిచి ఆగస్టులో తిరిగొచ్చారని పాస్‌పోర్టు మీద ముద్రలు ఉంటే, కంపెనీ అటెండెన్స్ ఉంటే, ఆ మధ్యలో ఆమె అక్కడికి రాలేదని తేలితే మీ దగ్గర నిజమైన కేసు ఉన్నట్టు. ఇందులో ఒక్క రంధ్రం చాలు కేసు పోవడానికి. క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా సాగుతుంది: "జూన్‌లో మీ చెల్లెలి పెళ్లికి వచ్చారా?" "వచ్చానండీ, రెండు రోజులే." "ఎక్కడ దిగారు?" "ఇంట్లోనే." "అప్పుడు మీ భార్య ఎక్కడుంది?" "పెళ్లి కదండీ, తనూ అక్కడే ఉంది." ఇంక అవతలి అడ్వకేట్ మరో ప్రశ్న వేయరు, కూర్చుంటారు. ఆ రెండు రోజులు చాలు.

బిడ్డ నెలలు నిండి పుట్టాడా, ముందే పుట్టాడా అన్నది హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీలో, మొదటి స్కాన్ రిపోర్టులో ఉంటుంది. నెలలు తక్కువైతే గర్భం నిలిచిన తేదీ పై లెక్క కంటే తర్వాతి రోజులకు జరుగుతుంది. అందుకే ఆ కాగితాలు ముందే చూసుకోవాలి. చూసుకోకుండా తేదీలు అఫిడవిట్‌లో రాసేసినవాళ్లకు తర్వాత వాటిని మార్చుకునే దారి ఉండదు.

మీ విషయంలో ఒకే ఇల్లు అని మీరే రాశారు. కాబట్టి నాన్ యాక్సెస్ తలుపు మీకు దాదాపు మూసి ఉంది. మరి డీఎన్ఏ?

డీఎన్ఏ పరీక్షలకు మన దేశంలో హైదరాబాద్‌కు పెద్ద పేరే ఉంది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి బృందం మన దేశానికి ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. శాస్త్రం మీద కోర్టులకు ఏ అనుమానమూ లేదు. ఆ శాస్త్రాన్ని ఎప్పుడు లోపలికి రానివ్వాలన్నదే పేచీ. 1993లో గౌతమ్ కుండూ కేసులో, మెయింటెనెన్స్ తప్పించుకోవడానికి భర్త రక్తపరీక్ష అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అడిగినంత మాత్రాన పరీక్ష ఇవ్వం, ముందు నాన్ యాక్సెస్‌కు గట్టి ఆధారం చూపాలి, బిడ్డ మీద, తల్లి మీద పడే మచ్చను కూడా చూస్తాం అని ఆ తీర్పు సారాంశం. 2001లో కామ్తీదేవి కేసులో ఇంకో అడుగు ముందుకేసి, దంపతులు కలిసి ఉన్న కాలంలో డీఎన్ఏ వేరేలా చెప్పినా చట్టం ఊహ చెక్కుచెదరదని అంది.

తర్వాత 2014లో నందలాల్ బద్వాయిక్ కేసు వచ్చింది. ఇంటర్నెట్‌లో మగవాళ్లంతా ఉదహరించేది దీన్నే. అక్కడ నాగ్‌పూర్ ల్యాబ్ తండ్రి కాదని చెప్పింది. మళ్లీ చేయించమంటే హైదరాబాద్ సెంట్రల్ ల్యాబ్ కూడా అదే చెప్పింది. శాస్త్రీయంగా నిజం కళ్లముందు ఉన్నప్పుడు చట్టం ఊహకు తలవంచమని అడగలేం అంటూ కోర్టు బిడ్డ మెయింటెనెన్స్ తీసేసింది. కానీ రెండు సంగతులు చాలామంది చదవరు. ఒకటి, ఆ పరీక్షలు రెండూ కోర్టు ఆర్డర్ మీద జరిగినవి. రెండోది, అప్పటిదాకా చెల్లించిన డబ్బు వెనక్కి వసూలు చేయకూడదని అదే తీర్పులో ఉంది. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఇచ్చింది ఇచ్చినట్టే. గెలిచినా ఇకముందు కట్టాల్సిన డబ్బుకే ఉపశమనం.

ఆ తర్వాత గాలి మళ్లీ బిడ్డ వైపు తిరిగింది. 2023 ఫిబ్రవరిలో అపర్ణా ఫిరోదియా కేసు అచ్చం మీలాంటిదే. భర్త ముందే ప్రైవేట్ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకున్నాడు, తండ్రి కాదని వచ్చింది. దాన్ని పట్టుకుని కోర్టు ద్వారా పరీక్ష అడిగితే ఫ్యామిలీ కోర్టు, బాంబే హైకోర్టు ఒప్పుకున్నాయి. సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది. భార్య తప్పు చేసిందని నిరూపించాలనుకుంటే వేరే సాక్ష్యాలు తెచ్చుకో, బిడ్డ శరీరాన్ని సాక్ష్యం చేయకు అన్నది దాని ధోరణి. బిడ్డకూ గోప్యత హక్కు ఉందని గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఇవాన్ రత్తినం కేసు. కేరళలో ఒక కొడుకు తన అసలు తండ్రి వేరే ఆయన అంటూ ఆయన దగ్గర మెయింటెనెన్స్ అడిగాడు. తల్లీ ఆమె భర్తా కలిసి ఉన్న కాలంలోనే పుట్టావు, ఆ ఊహ పోనంతవరకు చట్టం దృష్టిలో నీ తండ్రి ఆ భర్తే అని సుప్రీంకోర్టు తేల్చింది. ఒక తండ్రి చట్టప్రకారం తొలగితే తప్ప మరొకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టరు. "అసలు తండ్రి దగ్గర అడుక్కోమనండి" అని కొందరు మగవాళ్లు తేలిగ్గా అంటారు. ఆ దారి వాళ్లు అనుకున్నంత తెరిచి లేదు.

మాజీ ముఖ్యమంత్రి ఎన్.డి.తివారీ గారికి డీఎన్ఏ పరీక్ష బలవంతంగా చేయించారు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కడ అడిగింది పెద్దవాడైన కొడుకు, తన పుట్టుక తెలుసుకోవడానికి. ఆరేళ్ల పిల్లవాడి మీద తండ్రి వేసే పిటిషన్‌కు దాన్ని ముడిపెట్టలేరు.

మీ చేతిలోని రిపోర్టుకు విలువ ఎంతంటే, మీ అనుమానానికి ఆధారం, అంతే. స్వాబ్ ఎవరిదో ల్యాబ్‌కు తెలియదు, మీరు చెప్పిందే రాసుకుంది. చాలా ల్యాబ్‌లు రిపోర్టు అడుగున, ఇది వ్యక్తిగత సమాచారానికే, చట్టపరమైన అవసరాలకు కాదు అని చిన్న అక్షరాల్లో వేస్తాయి. మీది తీసి చూడండి. కోర్టు ఆర్డర్ మీద జరిగే పరీక్ష వేరేలా ఉంటుంది. ఆర్డర్ కాపీతో తల్లి, బిడ్డ, మీరు ముగ్గురూ నిర్ణయించిన రోజున ల్యాబ్‌కు వెళ్తారు. ఐడీ కార్డులు చూస్తారు, ఫారం మీద ఫోటోలు అంటించి వాటి మీదుగా సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. రక్తం చుక్కలు కార్డు మీద వేసి ఆరబెట్టి, కవరు సీలు చేస్తారు. దాని మీద కేసు నంబరు, తేదీ వేస్తారు. తర్వాత పదిహేను, ఇరవై జన్యు గుర్తుల్ని పోల్చి చూస్తారు. ఒక్క చోట తేడా వస్తే మ్యుటేషన్ కావచ్చు. చాలా చోట్ల తేడా వస్తేనే తండ్రి కాదని రాస్తారు. మీ ప్రైవేట్ రిపోర్టులో ఎన్ని చోట్ల తేడా ఉందో కూడా చూపించుకోండి. అది తెలియకుండా జీవితంలో ఇంత పెద్ద నిర్ణయం తీసుకోకండి.

ఇంకో మాట. బిడ్డ కస్టడీ తల్లిది. ఆమెకు చెప్పకుండా శాంపిల్ తీసిన విషయాన్ని ఆమె అడ్వకేట్ తప్పకుండా ఎత్తి చూపుతారు. విజిటేషన్ (మీరు బాబును కలిసే ఏర్పాటు) మీద షరతులు పెట్టమని అడగవచ్చు. రెండోసారి అలా చేయకండి.

మీ కేసులో మరో పెద్ద అడ్డంకి డిక్రీ. మ్యూచువల్ పిటిషన్‌లో "ఈ దంపతులకు ఒక కుమారుడు" అని ఇద్దరూ సంతకం చేసి ఉంటారు. కోర్టు ముందు ఒప్పుకుని, దాని మీద డిక్రీ తీసుకుని, ఇప్పుడు కాదంటున్నారు. మామూలుగా అయితే ఆ ఒప్పుకోలు మిమ్మల్ని కట్టేస్తుంది. దాన్ని దాటాలంటే నిజం దాచి మోసం చేసి ఒప్పుకోలు తీసుకున్నారని చెప్పాలి, అది ఎప్పుడు, ఎలా తెలిసిందో తేదీతో సహా చెప్పాలి. మోసం తెలిసిన రోజు నుంచి సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి నడుస్తుంది. పెళ్లయిన కొత్తలోనే అనుమానం ఉండేదని, అప్పట్లో వాట్సాప్‌లో గొడవ పడ్డారని తేలితే, అన్నీ తెలిసే సంతకం చేశారంటారు. పాత చాట్‌లు ఏం చెప్తున్నాయో అవతలివాళ్లు చూపించేలోపు మీ అడ్వకేట్‌కు చూపించండి.

అయినా వెళ్లాలనుకుంటే దారి ఏమిటి? ఫ్యామిలీ కోర్టుకు పుట్టుక చట్టబద్ధత మీద డిక్లరేషన్ (అధికారిక ప్రకటన) ఇచ్చే అధికారం ఉంది. అక్కడ పిటిషన్ వేసి, డీఎన్ఏ కోసం విడిగా ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేస్తారు. బిడ్డను పార్టీగా చేర్చి గార్డియన్‌ను పెట్టాలి. బిడ్డ పార్టీగా లేని డిక్లరేషన్ బిడ్డను కట్టదు. డిక్లరేషన్ వస్తే, దాని ఆధారంగా, క్రిమినల్ ప్రొసీజర్ కింద వచ్చిన మెయింటెనెన్స్ ఆర్డర్‌ను రద్దు చేయమనీ మార్చమనీ అడగడానికి సురక్షా సంహితలో సెక్షన్ 146 ఉంది. నేరుగా సెక్షన్ 146 కింద వెళ్లి డీఎన్ఏ అడగడం కంటే ఇది బలమైన క్రమం. కాకపోతే ఏళ్లు పడుతుంది. అన్ని వాయిదాల్లోనూ నెలనెలా డబ్బు వెళ్తూనే ఉండాలి.

ఒక మధ్యేమార్గం కోర్టులు అప్పుడప్పుడు వాడతాయి. 2014లో దీపాన్వితా రాయ్ కేసులో విడాకుల వివాదంలో పరీక్షకు ఆర్డర్ ఇస్తూ, భార్య వద్దంటే వద్దనవచ్చు, కానీ ఆ నిరాకరణ నుంచి ఆమెకు వ్యతిరేకంగా అర్థం తీసుకునే హక్కు కోర్టుకు ఉంటుందని చెప్పారు. అయితే 2023 నాటి అపర్ణా ఫిరోదియా తీర్పు, బిడ్డ విషయంలో తల్లి నిరాకరణను బిడ్డకు వ్యతిరేకంగా వాడకూడదని దీన్ని బాగా ఇరుకు చేసింది. మీ అడ్వకేట్ ఒక్క దీపాన్వితా తీర్పునే చూపించి ధైర్యం చెప్తుంటే, 2023 తీర్పు చదివారా అని మర్యాదగా అడగండి.

తల్లి తనంతట తాను ఒప్పుకుంటే కథ వేరు. మీడియేషన్‌లో ఇద్దరూ ఒప్పుకుని పరీక్షకు వెళ్లిన సందర్భాలున్నాయి. ఎవరూ బయటకు చెప్పుకోరు కాబట్టి మీకు వినపడవు, అంతే. కోర్టులో ఆరోపణ పడకముందే మీడియేషన్ అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒకసారి పిటిషన్‌లో ఆమె శీలం గురించి నాలుగు వాక్యాలు పడ్డాక ఏ తల్లీ రాదు. అడ్వకేట్లు ఆవేశంగా డ్రాఫ్ట్ చేసే ఆ పేరాలు కేసుకు దమ్మిడీ ఉపయోగపడవు, దారి మాత్రం మూసేస్తాయి.

ఇదే పరిస్థితిలో నోటీసు అందుకున్న తల్లులు కూడా ఇది చదువుతుంటారు. వాళ్లకు ఒక్క మాట. వాయిదాకు రాకుండా ఊరుకోవద్దు. కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయండి. పెళ్లి, పుట్టిన తేదీ, అప్పుడు కలిసి ఉన్న ఇంటి ఆధారాలు పెట్టి, నాన్ యాక్సెస్ చూపించే భారం ఆయనదేనని రాయించండి. ఇంటి అద్దె అగ్రిమెంట్, గ్యాస్ కనెక్షన్, ఆ నెలల్లో కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఐవీఎఫ్, డోనార్ ద్వారా పుట్టిన బిడ్డ అయితే, భర్త సంతకం చేసిన హాస్పిటల్ కన్సెంట్ ఫారాలు భద్రంగా ఉంచుకోండి. 2021 నాటి ఏఆర్‌టీ (సహాయక సంతానోత్పత్తి) చట్టం ప్రకారం ఆ బిడ్డ దంపతుల సొంత బిడ్డే. అక్కడ డీఎన్ఏ వాదనకు తావు లేదు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపింది. ఉద్యోగం మారాక జీతం తగ్గింది, 15,000 కట్టలేకపోతున్నాను అన్నారు. నా దగ్గరికి ఇలాంటి అనుమానంతో వచ్చేవాళ్లలో చాలామందికి అసలు టెన్షన్ అక్కడ ఉంటుంది. అదే అయితే పితృత్వం జోలికి వెళ్లనక్కర్లేదు. పరిస్థితులు మారాయని చూపి నెలనెలా కట్టే మొత్తాన్ని తగ్గించమని అడగవచ్చు. రజనేశ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన నమూనా ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలి. పాత జీతం స్లిప్పులు, కొత్తవి, ఈఎంఐలు, తల్లిదండ్రుల మందుల ఖర్చు, ఆమె ఇప్పటి జీతం అన్నీ కోర్టు ముందుకు వస్తాయి. కొన్ని నెలల్లో ఫలితం వస్తుంది, బాబు మీద ఏ ముద్రా పడదు, విజిటేషన్ చెడదు. తండ్రిని కాదని డిక్లరేషన్ తెచ్చుకుంటే మాత్రం బాబును కలిసే హక్కూ పోతుంది. ఆ సంగతి మీరు ప్రశ్నలో ఎక్కడా ఎత్తలేదు. ఇప్పుడైనా ఆలోచించండి.

అడ్వకేట్ దగ్గరికి వెళ్లేటప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, దానికి జత చేసిన ఒప్పందం, మ్యూచువల్ పిటిషన్ కాపీ, బాబు బర్త్ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ ప్రైవేట్ రిపోర్టు తీసుకెళ్లండి. ఒప్పందంలో బాబు గురించి ఏ మాటలు వాడారో చూడకుండా "గెలిపిస్తాను" అనే అడ్వకేట్‌కు వకాలత్ ఇవ్వకండి. ఆ పేరా ఇక్కడ పెట్టగలిగితే పెట్టండి, పేర్లు, ఊళ్లు, కేసు నంబరు చెరిపేసి. దాన్ని చూస్తే డిక్లరేషన్ దారి మీకు ఉందో లేదో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.